గేరు తడబడితే వైరు దగ్గర మొదలుపెట్టాలి

తిరుపతిలో చెర్లోపల్లి కూడలి దాటి శ్రీనివాస మంగాపురం మీదుగా రంగంపేట వైపు తెల్లవారుజామున సాగే గేరు సైకిళ్లలో కొన్నింటి నుంచి, సరిగ్గా మిట్ట మొదలయ్యే చోట, ఒకే రకం చప్పుడు వినిపిస్తుంది. బొటనవేలితో హ్యాండిల్ మీది గేరు మీటను, అంటే షిఫ్టరును, నొక్కినా చైను పక్కనున్న పెద్ద పళ్లచక్రం మీదికి ఎక్కదు. దాని అంచును రాసుకుంటూ టకటకమని కొట్టుకుంటుంది. ఇంకొకసారి నొక్కితే ఒక్క ఉదుటున రెండు మెట్లు ఎక్కేస్తుంది, కాళ్ల కింద బరువు హఠాత్తుగా తగ్గిపోయి తొక్కేవాడు ముందుకు తూలుతాడు. ఇంటికి చేరాక చాలామంది చేసే మొదటి పని స్క్రూడ్రైవరు వెతకడం. చైనును ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపే వెనుక డీరైలర్ మీద హెచ్, ఎల్ అనే అక్షరాల పక్కన రెండు చిన్న స్క్రూలు కంటికి ఎదురుగా కనిపిస్తాయి కాబట్టి వాటినే అటు అరచుట్టు, ఇటు అరచుట్టు తిప్పి చూస్తారు. దాంతో ఒక లోపం రెండవుతుంది, రెండోది మొదటిదాన్ని కప్పేస్తుంది.

ఆ స్క్రూలు గేరును కుదిర్చేవి కావు. డీరైలర్ రెండు కొసల దగ్గర ఎంతవరకు పోవచ్చో గిరి గీసే కాపలాదారులు అవి. ఒకసారి సరిగా పెట్టాక ఏళ్ల తరబడి కదలవు. నిన్నటి దాకా బాగా నడిచిన గేరు ఈ రోజు తడబడిందంటే మారింది మరేదో అయి ఉండాలి. చాలా సందర్భాల్లో అది షిఫ్టరు నుంచి డీరైలర్ దాకా సాగే వైరు గానీ, వైరు తొడుగు గానీ, డీరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ గానీ అవుతుంది. వీటిలో ఏదో తేల్చడానికి పనిముట్ల కన్నా ముందు ఒక ప్రశ్న చాలు: చైను ఎక్కేటప్పుడు మొరాయిస్తోందా, దిగేటప్పుడు మొరాయిస్తోందా?

ఈ ప్రశ్నకు ఎందుకంత విలువ ఉందో తెలియాలంటే లోపలి లెక్క కొంచెం చూడాలి. పాత గేరు సైకిళ్లలో మీట ఎక్కడ ఆపితే అక్కడ నిలిచేది, చైను సరిగ్గా కూర్చునేదాకా చెవితో విని చేత్తో సర్దుకునేవారు. 1984లో జపాను సైకిలు విడిభాగాల సంస్థ షిమానో తన ఖరీదైన రేసింగ్ శ్రేణిలో క్లిక్కుల పద్ధతిని తెచ్చింది, తరువాత అది మామూలు సైకిళ్లకూ దిగింది. ఇప్పుడు సర్దుబాటు చేసేది చెయ్యి కాదు, షిఫ్టరులోని పళ్లు. వెనుక ఏడు గేర్ల సైకిల్లో పక్కపక్క పళ్లచక్రాల మధ్య దూరం 5 మిల్లీమీటర్లు. షిఫ్టరు ఒక క్లిక్కుకు దాదాపు 3 మిల్లీమీటర్ల వైరును లాగుతుంది. షిమానో ఏడు, ఎనిమిది, తొమ్మిది గేర్ల డీరైలర్ ఆ కదలికను సుమారు 1.7 రెట్లు చేసి చైనును 5 మిల్లీమీటర్లు పక్కకు జరుపుతుంది. అంటే వైరు ఎక్కడైనా ఒక్క మిల్లీమీటరు వదులైతే డీరైలర్ ఉండాల్సిన చోటికి 1.7 మిల్లీమీటర్ల ఇవతలే ఆగిపోతుంది. రెండు పళ్లచక్రాల మధ్య దూరంలో అది మూడో వంతు. చైను ఎక్కాలో వద్దో తేల్చుకోలేక నడుమ కొట్టుకోవడానికి అంత చాలు. తొమ్మిది గేర్ల సైకిల్లో ఈ దూరం 4.35 మిల్లీమీటర్లకు, పది గేర్లలో 3.95కు తగ్గుతుంది. ఖరీదైన సైకిలు చవకదాని కన్నా తొందరగా అలుగుతుందని వినిపించే ఫిర్యాదులో నిజం లేకపోలేదు.

డీరైలర్‌లో చైను చుట్టుకుని పోయే రెండు చిన్న చక్రాల్లో పైది, అంటే పైపుల్లీ, పక్కకు కొద్దిగా అటూ ఇటూ ఆడుతుంది. అరిగిపోయిందనుకుని మార్చేవారు ఉన్నారు. చిన్న చిన్న తప్పులను తనలో సర్దుకోవడానికి తయారీలోనే దానికి ఇచ్చిన వెసులుబాటు అది.

ఇక దిశ సంగతి. చిన్న పళ్లచక్రం నుంచి పెద్దదానికి చైనును ఎక్కించేది వైరు, అంటే తొక్కేవారి వేలి బలం. పెద్దదాని నుంచి చిన్నదానికి దించేది డీరైలర్‌లోని స్ప్రింగు. రెండు పనులూ రెండు వేర్వేరు బలాలవి. కాబట్టి ఎక్కేటప్పుడు మాత్రమే జాప్యం జరుగుతుంటే లాగుడు చాలడం లేదని, వైరు వదులైందని అర్థం. కొత్త వైరు వేయించిన మొదటి వారం పది రోజుల్లో ఇది మామూలు విషయం. దీన్ని 'వైరు సాగింది' అంటారు గానీ ఉక్కు తీగ సాగేది బహు తక్కువ. తొడుగు కొసలు వాటికి తొడిగే చిన్న టోపీల్లోకి, టోపీలు వాటిని ఆపి ఉంచే ఫ్రేము మీది ఆనుల్లోకి కుదురుకోవడం వల్ల వచ్చే వదులే ఎక్కువ.

దిగేటప్పుడు జాప్యం జరుగుతుంటే చాలామంది వైరు బిగువు ఎక్కువైందని వెంటనే వదులు చేస్తారు. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. ఎవరూ చెయ్యి పెట్టని సైకిల్లో వైరు తనంతట తాను వదులు కాగలదు గానీ తనంతట తాను బిగుసుకోలేదు. కనుక నిన్నటిదాకా చక్కగా దిగిన గేరు ఈ రోజు దిగడం లేదంటే బిగువు పెరగలేదు, వైరు తొడుగులో ఎక్కడో పట్టేస్తోంది, స్ప్రింగు దాన్ని వెనక్కి లాగలేకపోతోంది. అలాంటప్పుడు వైరు వదులు చేస్తే దిగడం కొంత మెరుగైనట్టు కనిపిస్తుంది, మర్నాడు ఎక్కడం చెడిపోతుంది. ఒక సైకిలు షాపుకు మూడు సార్లు వెళ్లి మూడు సార్లూ అదే ఫిర్యాదుతో తిరిగి వచ్చే కథల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. సైకిలు కుడివైపుకు పడిన తరువాత మొదలైన జాప్యం మాత్రం వేరు, దాని సంగతి హ్యాంగర్ దగ్గర వస్తుంది.

వైరు పట్టేయడానికి ఈ ప్రాంతంలో కారణాలు వెతకనక్కర్లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, మిగతా కాలమంతా పొడి దుమ్ము, నడుమ ఎర్రమన్ను. డీరైలర్ దగ్గర చివరి తొడుగు ముక్క అర్ధచంద్రంలా వంగి ఉంటుంది. వాన నీరు వైరు వెంట జారి వచ్చి చేరేది ఆ వంపులోకే. దుమ్ము తడిసి ఆ వంపులో పేరుకుంటుంది, ఎండాక గట్టిపడుతుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు మునిగినప్పటిలా సైకిలు గంటల తరబడి నీళ్లలో నిలబడితే, పైకి తుడిచి ఆరబెట్టినా తొడుగు లోపలి తుప్పు ఆరదు. ఆ వైరుకు ఎన్ని చుక్కల ఆయిలు వేసినా నాలుగు రోజుల ముచ్చటే. వైరూ తొడుగూ రెండూ మార్చడం చివరికి చవక.

పట్టేస్తోందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. వెనుక చక్రం నేలకు తగలకుండా సైకిలు ఎత్తి పెట్టి, చైనును అన్నిటికన్నా పెద్ద పళ్లచక్రం మీదికి తెచ్చి, తొక్కడం ఆపేసి, షిఫ్టరును మాత్రం చిట్టచివరి చిన్న గేరు దాకా టకటకా నొక్కాలి. చైను కదలదు కాబట్టి డీరైలర్ అక్కడే ఉంటుంది, వైరు మాత్రం పూర్తిగా వదులవుతుంది. ఫ్రేము మీది ఆనులకు గాడి ఉన్న సైకిళ్లలో తొడుగు ముక్కలను వేళ్లతోనే బయటికి జార్చి, వైరు మీద ముందుకూ వెనక్కూ జరిపి చూడవచ్చు. మంచి తొడుగు తన బరువుతోనే జారుతుంది. పట్టేస్తున్నది గరగరమంటూ వేలికి తెలుస్తుంది, తొడుగు జరిపిన చోట వైరు మీద గోధుమరంగు చార కనిపిస్తుంది. గుడ్డ పీలికతో ఆ భాగం తుడిచి, పలచని ఆయిలు ఒకటి రెండు చుక్కలు వేసి తిరిగి పెట్టేస్తే తేలికపాటి సందర్భాలు అక్కడితో తీరిపోతాయి. గ్రీజు దట్టంగా పట్టించడం మేలు చేసినట్టు కనిపిస్తుంది గానీ, ఎండాకాలపు దుమ్ముకు అది జిగురు.

తొడుగు మార్చేటప్పుడు జరిగే ఒక పొరపాటు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. బ్రేకు తొడుగు, గేరు తొడుగు పైకి ఒకేలా నల్లగా ఉంటాయి. బ్రేకు తొడుగులో ఉక్కు పట్టీ స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది, దాని మందం సాధారణంగా 5 మిల్లీమీటర్లు. గేరు తొడుగులో సన్నని ఉక్కు తీగలు పొడవునా సాగి ఉంటాయి, మందం 4 మిల్లీమీటర్లు. చుట్టుగా ఉన్నది లాగినప్పుడు కొంచెం నొక్కుకుపోతుంది. బ్రేకుకు అది పట్టింపు లేదు, మిల్లీమీటర్ల లెక్క మీద బతికే గేరుకు మాత్రం అదే శాపం. చేతికి అందిన తొడుగు ముక్క కోసి వేసేస్తే ఎంత సర్దినా ఒక గేరు కుదిరితే ఇంకొకటి చెడుతుంది. తొడుగును కటింగ్ ప్లేయరుతో కోసినప్పుడు కొస నలిగి మూసుకుపోవడం కూడా ఇంతే చెరుపు చేస్తుంది. నలిగిన కొసను ఆకురాయితో సమం చేసి, సూదితో రంధ్రం తెరిచి, టోపీ తొడగాలి. ఈ రెండు నిమిషాల పని ఎగ్గొట్టడం వల్ల పాడయ్యే గేర్లు లెక్కలేనన్ని.

వైరు శుభ్రంగా జారుతోందని తేలాకే బిగువు సర్దాలి. డీరైలర్‌లోకి వైరు ప్రవేశించే చోట గానీ, షిఫ్టరు దగ్గర గానీ వేళ్లతో తిప్పే చిన్న బారెల్ ఉంటుంది. చైనును చిట్టచివరి చిన్న పళ్లచక్రం మీద ఉంచి, చేత్తో పెడలు తిప్పుతూ ఒకే ఒక్క క్లిక్కు నొక్కాలి. రెండో దాని మీదికి ఎక్కకపోతే బారెల్‌ను విప్పే దిశలో పావు చుట్టు తిప్పాలి. బారెల్ బయటికి వచ్చినకొద్దీ తొడుగు పొడవు పెరిగినట్టయి వైరు బిగుస్తుంది, విప్పితే బిగియడమేమిటన్న తికమక ఇక్కడ అందరికీ ఒకసారి కలుగుతుంది. ఎక్కి, మూడో పళ్లచక్రాన్ని రాసుకుంటూ చప్పుడు చేస్తే ఎక్కువైనట్టు, పావు చుట్టు వెనక్కి తిప్పాలి. ఒక చుట్టుకు వైరు కదిలేది ఒక మిల్లీమీటరుకు లోపే కాబట్టి పావు చుట్టుకు మించి ఒకేసారి తిప్పడం అనవసరం. చప్పుడు ఆగిన చోట ఆపి, మిగిలిన మెట్లన్నీ ఎక్కించి దించి చూడాలి.

బారెల్ మొత్తం బయటికి వచ్చేసినా ఎక్కడం లేదంటే బిగింపు నట్టు దగ్గరే వైరు జారిందన్నమాట. బారెల్‌ను పూర్తిగా లోపలికి తిప్పి, ఒక చుట్టు వదిలి, వైరును చేత్తో బిగువుగా లాగి మళ్లీ బిగించి మొదటి నుంచి రావాలి.

ఇంత చేశాక కూడా నడి గేర్లు బాగుండి కొసన ఉన్నవి తప్పుతుంటే, అనుమానం హ్యాంగర్ మీదికి వెళ్లాలి. అల్యూమినియం ఫ్రేముల్లో ఇది విడిగా బిగించే మెత్తటి ముక్క. దెబ్బ తగిలితే ఫ్రేము విరగకుండా తాను వంగడం దాని ధర్మం. సైకిలు కుడివైపుకు పడినా, రైలు లగేజీ పెట్టెలో ఇంకొకరి సామాను దాని మీద పడినా, కొత్త సైకిలు అట్టపెట్టెలో నలిగి వచ్చినా అది లోపలికి ఒక రవ్వ వంగుతుంది. వంగినప్పుడు డీరైలర్ మొత్తం చువ్వల వైపు జరుగుతుంది కాబట్టి ఎక్కడం తేలికై, దిగడం కష్టమవుతుంది. ఎవరూ ముట్టని వైరు బిగుసుకున్నట్టు కనిపించే సందర్భాల్లో ఇదొకటి. సైకిలు వెనుక మోకాళ్ల మీద కూర్చుని, కన్ను పళ్లచక్రాల ఎత్తుకు తెచ్చి చూస్తే, పైపుల్లీ, కిందిపుల్లీ, వాటి పైనున్న పళ్లచక్రం ఒకే నిలువు గీతలో ఉండాలి. కిందిపుల్లీ చక్రం వైపు వాలి ఉంటే హ్యాంగర్ వంగినట్టే. కంటి మీద నమ్మకం చాలకపోతే ఇంకో పద్ధతి ఉంది. ఎక్కువ హ్యాంగర్లలో మర ఎమ్10, అంటే 10 మిల్లీమీటర్ల వ్యాసం, చుట్టుకూ చుట్టుకూ మధ్య 1 మిల్లీమీటరు ఎడం ఉన్నది, చాలా వెనుక ఇరుసులదీ అదే. డీరైలర్ విప్పి, అదే మర ఉన్న ఇరుసు గల వేరే చక్రాన్ని ఆ రంధ్రంలో బిగిస్తే, రెండు చక్రాలూ సమాంతరంగా ఉన్నాయో లేదో దూరం నుంచే తెలిసిపోతుంది. వంగిన ముక్కను ఒకటి రెండు సార్లు సరిచేయవచ్చు. అంతకు మించితే అల్యూమినియం చీలుతుంది, మార్చేయడమే మంచిది.

చవక 21 గేర్ల సైకిళ్లలో హ్యాంగర్ వేరే రకం. వెనుక ఇరుసు నట్టు కిందే బిగుసుకునే రేకు కొక్కెం అది. ఇక్కడే పంక్చర్ షాపు రంగంలోకి వస్తుంది. ట్యూబు అతికాక చక్రాన్ని తొందరగా ఎక్కించి, ఒక వైపు నట్టు ముందు బిగించేస్తే ఇరుసు గాడిలో అడ్డంగా కూర్చుంటుంది, లేదా కొక్కెం ఒకింత తిరిగిపోతుంది. 'పంక్చర్ వేయించాను, గేర్లు పోయాయి' అనే మాట అర్థం లేనిదిగా అనిపిస్తుంది గానీ అందులో తప్పు లేదు. సైకిలును నేల మీద నిలబెట్టి, 15 నంబరు పానాతో రెండు నట్లూ వదులు చేసి, సీటు మీద బరువు వేసి ఇరుసు గాడి చివరిదాకా కూర్చున్నాక, రెండు వైపులా కొంచెం కొంచెంగా బిగించాలి. చాలాసార్లు వైరు ముట్టకుండానే గేరు తిరిగి కుదురుతుంది.

హెచ్, ఎల్ స్క్రూలు కదిలించక తప్పనిది కొత్త డీరైలర్ వేసినప్పుడు, హ్యాంగర్ మార్చినప్పుడు, లేదా వాటిని ఇంతకు ముందే ఎవరో తిప్పేసినప్పుడు. హెచ్ చిన్న పళ్లచక్రం వైపు హద్దు, ఎల్ పెద్దదాని వైపు హద్దు. వైరు విప్పేసి, పైపుల్లీ సరిగ్గా చిన్న పళ్లచక్రం కిందికి వచ్చేలా హెచ్‌ను, డీరైలర్‌ను చేత్తో నెట్టినప్పుడు పెద్దదాని కిందే ఆగేలా ఎల్‌ను పెట్టాలి. రెండింటిలో ఎల్ విషయంలో ఏమరుపాటు పనికిరాదు. అది వదులుగా ఉంటే చైను పెద్ద పళ్లచక్రం దాటి చువ్వల్లో పడుతుంది. మిట్ట మీద బలంగా తొక్కుతుండగా అలా జరిగితే డీరైలర్, హ్యాంగర్, నాలుగైదు చువ్వలు ఒక్క క్షణంలో పోతాయి. మూడో స్క్రూ, బి స్క్రూ, పైపుల్లీకీ పెద్ద పళ్లచక్రానికీ మధ్య ఎడాన్ని సర్దుతుంది. 5, 6 మిల్లీమీటర్ల ఎడం చాలా సైకిళ్లకు సరిపోతుంది.

గేరు మార్చకుండానే, కేవలం గట్టిగా తొక్కినప్పుడు చైను జారితే అది గేరు లోపమే కాదు. అయినా జనం షాపులో 'గేరు జారుతోంది' అనే చెబుతారు, షాపువాళ్లు బారెల్ తిప్పుతారు. ఎక్కువగా వాడే ఒకటి రెండు పళ్లచక్రాల మీదే జారుతుంటే పళ్లు అరిగాయి. అన్నిటి మీదా, ఒకే లయలో జారుతుంటే చైనులో ఏదో ఒక లింకు బిగుసుకుంది. ఆ లయను లెక్కపెట్టవచ్చు కూడా. ఉదాహరణకు 112 లింకుల చైను, ముందు 28 పళ్ల చక్రం అనుకుంటే, చైను ఒక చుట్టు పూర్తి కావడానికి పెడలు నాలుగు చుట్లు పడుతుంది. ముందు 48 పళ్ల చక్రానికి మారిస్తే అది రెండు చుట్ల చిల్లరకు తగ్గుతుంది. జారుడు కూడా అదే లెక్కన దగ్గరపడితే దోషి చైనే. పెడలు మెల్లగా వెనక్కి తిప్పుతూ కిందిపుల్లీ దగ్గర చూస్తే, బిగుసుకున్న లింకు అక్కడ వంగలేక గెంతుతుంది. చైను అరుగుదలకు స్కేలు చాలు. కొత్త చైనులో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు, ఆ కొలత మీద అంగుళంలో పదహారో వంతు పెరిగిందంటే అర శాతం అరిగినట్టు, మార్చే సమయం దగ్గరపడినట్టు. ఎనిమిదో వంతు దాకా ఆగితే చైనుతో పాటు పళ్లచక్రాలకూ డబ్బు పెట్టాలి, ఎందుకంటే అరిగిన పళ్ల మీద కొత్త చైను నిలవదు.

ఏళ్ల తరబడి మూలన పెట్టిన సైకిల్లో షిఫ్టరు మీట క్లిక్కు లేకుండా ఖాళీగా తిరిగితే అది విరిగిపోయిందని పారేయకూడదు. లోపలి గ్రీజు ఎండి, పళ్లను పట్టే నాలుక అంటుకుపోయి ఉంటుంది. నలభై డిగ్రీలు దాటే ఇక్కడి వేసవుల్లో ఇది తొందరగా జరుగుతుంది. మూత తీసి డబ్ల్యూడీ-40 లాంటి తుప్పు వదిలించే స్ప్రే చల్లి, యాభై సార్లు మీట ఆడించి, తరువాత పలచని ఆయిలు వేస్తే చాలావరకు ప్రాణం వస్తుంది. షిఫ్టరు మార్చాల్సే వస్తే మాత్రం వెనుక ఎన్ని పళ్లచక్రాలు ఉన్నాయో అన్ని క్లిక్కులదే వేయాలి. తొమ్మిదిదాన్ని ఏడుకు వేస్తే మెట్టు మెట్టుకూ 0.65 మిల్లీమీటరు చొప్పున తప్పు పోగవుతూ, ఒక కొసన కుదిరింది రెండో కొసకు పూర్తిగా తేడా కొడుతుంది.

ముందు డీరైలర్ గురించి చెప్పుకోవాల్సింది తక్కువ. చైను మధ్యలోంచి సాగే దాని పంజరం బయటి రేకు పెద్ద పళ్లచక్రం పళ్లకు పైన 1 నుంచి 3 మిల్లీమీటర్ల ఎత్తులో, దానికి సమాంతరంగా ఉంటే సగం పని అయినట్టే. ముందు పెద్దది, వెనుక పెద్దది కలిపి తొక్కుతూ పంజరానికి చైను రాసుకుంటోందని బాధపడటం వృథా. చైను ఏటవాలుగా సాగే ఆ జత వాడకూడనిది.

మిగిలింది ఊరికి దూరంగా వైరు తెగడం. భాకరాపేట కనుమలోనో, పలమనేరు దారిలోని మొగిలి ఘాటులోనో సాధారణంగా అది షిఫ్టరు లోపల, వైరు తల దగ్గర తెగుతుంది. లాగేది లేక స్ప్రింగు చైనును చిట్టచివరి చిన్న పళ్లచక్రానికి పడేస్తుంది, అంటే అన్నిటికన్నా బరువైన గేరు. ముందు 48, వెనుక 14 పళ్లయితే పెడలు ఒక చుట్టుకు వెనుక చక్రం దాదాపు మూడున్నర చుట్లు తిరగాలి, దానితో కనుమ ఎక్కడం అసాధ్యం. ముందు 28 పళ్లదానికి మారిస్తే అది రెండు చుట్లకు దిగుతుంది. ఇంకా తేలిక కావాలంటే, ఇంతసేపూ ముట్టవద్దన్న హెచ్ స్క్రూను ఇప్పుడు ముట్టాలి. దాన్ని బిగించే దిశలో తిప్పుతూ పోతే డీరైలర్ లోపలికి నెట్టుకుంటూ వెళ్లి, చైను ఒకటి రెండు మెట్లు, కొన్ని డీరైలర్లలో మూడు మెట్లు పైకి ఎక్కి అక్కడే నిలుస్తుంది. పెడలు తిప్పుతూ, చప్పుడు ఆగేదాకా తిప్పాలి, ఎన్ని చుట్లు తిప్పారో లెక్కపెట్టుకుంటూ. కొత్త వైరు వేసే రోజున అన్ని చుట్లే వెనక్కి తిప్పితే హద్దు పాత చోటికి వస్తుంది.